మునగని ఆపరేటర్

ఏడో తరగతి పిల్లలు ఏడవాల్సిన చోట పడీ పడీ నవ్వారు.

ఊరికి ఎగువన ఆనకట్ట తెగి వీధులన్నీ మునిగిపోయిన పాఠం అది. తాతల కాలం నాటి వరద. పాఠ్యపుస్తకంలో దానికి నాలుగు లైన్లు ఇచ్చారు. పిల్లలు ఆ నాలుగు లైన్లూ బట్టీ పట్టి, పరీక్షలో దించేసి, గేటు దాటేలోగా మర్చిపోయేవారు. అందుకే చరిత్ర టీచర్ హెడ్మాస్టర్ వెంటపడి, ఆయన్ని ఒప్పించి, ఆ వరదని బొమ్మల నవలగా వేయించింది. కథ తను రాసింది. బొమ్మలు బయటి ఆర్టిస్టు గీశాడు. అచ్చుకు ముందు తీసిన కాపీలు ఆ ఉదయమే వచ్చాయి. ఆమె ప్యాకెట్టు విప్పి, ముందు తను చూసుకోకుండా పిల్లల చేతుల్లో పెట్టింది.

"టీచర్! హెడ్మాస్టర్ గారు మంచం మీద తేలిపోతున్నారు!"

"పీఈటీ సార్ని చూడరా, స్తంభం ఎక్కేశారు!"

"లెక్కల టీచర్ గేదె తోక పట్టుకున్నారు!"

టీచర్ ఒక కాపీ లాక్కుని చూసింది. నిజమే. వరదలో కొట్టుకుపోతున్న ఊరు ఊరంతా తమ స్టాఫ్ రూమే.

"టీచర్, ఈ టెలిఫోన్ ఆపరేటర్ మీరే కదా?" ఒక పిల్ల చివరి పేజీ ఎత్తి చూపించింది. "మీరు చావలేదు టీచర్! పడవొచ్చింది!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది.

చప్పట్లకి హెడ్మాస్టర్ వచ్చాడు. కాపీ అందుకుని, మంచం మీద తేలుతున్న తనని తాను చాలాసేపు చూసుకున్నాడు.

"తేలడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ బనీను మీదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "జనం పోయిన పాఠం ఇది. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. సోమవారం మళ్లీ చెప్పండి. వెనక బెంచీలో నేను కూర్చుంటాను. ఒక్క నవ్వు వినబడినా మీ పుస్తకం అటకెక్కుతుంది. మనకి నాలుగు లైన్లు చాలు."

*

ఆర్టిస్టు గది పక్క టౌన్లో లాండ్రీ షాపు మీద మేడ. ఆమె మెట్లెక్కేసరికి అతను పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

"మా స్టాఫ్ మీకేం అపకారం చేశారండీ?"

"అయ్యో, ఏమీ లేదు టీచర్ గారూ. చూడని మొహం గీయడం నాకు రాదు." అతను ఒక కాగితం తీసి చూపించాడు. "ఊహించి గీస్తే ఇదిగో, ఇలా వస్తాయి."

కాగితం నిండా కళ్లూ ముక్కూ ఉన్న కోడిగుడ్లు.

"కథ మాట్లాడ్డానికి మీ స్కూలుకి వచ్చినప్పుడు అందర్నీ చూశాను కదా. ఆ మొహాలు వాడేసుకున్నా."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు ఒప్పుకోరు."

"ఇప్పుడు మాత్రం ఒప్పుకున్నానా?" ఆమె కాపీ తిరగేసి చివరి పేజీ మీద వేలు పెట్టింది. "సరే, మొహాల సంగతి తర్వాత. ఈ పడవ ఎక్కడిది? ఆ ఆపరేటర్ పల్లపు వీధుల్లో ఇంటింటికీ ఫోన్ చేస్తూ ఎక్స్‌ఛేంజీలోనే ఉండిపోయింది. నీళ్లు కప్పు దాకా వచ్చాయి. ఆవిడ పోయింది. నేను అలాగే రాసిచ్చాను. పడవ ఏ రికార్డులో ఉంది?"

"రికార్డులో లేదండీ," అన్నాడతను. "నా దగ్గర ఉంది."

ఆమెకి కోపం ఇంకాస్త పెరిగింది.

"అందరి మొహాలూ మార్చండి. ఆవిడని ముంచండి. శనివారం వస్తాను."

*

ఇంట్లో అమ్మ బఠాణీలు ఒలవడం మానేసి, కళ్లజోడు పెట్టుకుని, చివరి పేజీ ముందు కూర్చుంది.

"ఎవరే ఈ బొమ్మ గీసిన అబ్బాయి?"

"ఆర్టిస్టమ్మా. పని రాని మనిషి."

"పని రాకపోవడమేమిటే? పాకే వయసులో గడప తగిలి నీ కనుబొమ కొసన గాటు పడింది. అది కూడా గీశాడు. మీ పిన్నికే తెలీదు ఆ సంగతి."

"కనబడింది, గీశాడు."

"అదే నేనూ అంటున్నా. అది కనబడాలంటే ఎంతసేపు చూడాలే?"

టీచర్ ఒక బఠాణీ గింజ నోట్లో వేసుకుంది. "ఆవిడని ముంచమని చెప్పొచ్చాను."

"పెళ్లి కావాల్సిన పిల్లని ముంచుతాడా? వాడి చెయ్యి పడిపోను!"

"ముంచమన్నది నేనమ్మా."

"అయితే నీకే బుద్ధి లేదు."

*

శనివారం మధ్యాహ్నానికి బొమ్మల్లో ఊరు మారిపోయింది. మంచం మీద ఆర్టిస్టు వీధిలోని పళ్లకొట్టాయన తేలుతున్నాడు. స్తంభం మీదికి అదే వీధి మంగలి చేరాడు. అందర్నీ అడిగి, ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశానన్నాడు ఆర్టిస్టు. ఆపరేటర్ మాత్రం అలాగే ఉంది.

"ఈవిడని ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదండీ. బ్యాంకు క్యాషియర్ గారితో మొదలుపెట్టాను. గడ్డం దగ్గరకొచ్చేసరికి మీరైపోయారు. తర్వాత మా వదినని కూర్చోబెట్టాను. ఆవిడ నుదురు దాటేలోపే మీరైపోయారు. మా వదిన ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు."

"అయితే నన్నే ముంచేయండి."

"ముంచాను." అతను కాగితాలు పరిచాడు. ఒకదాంట్లో నీళ్లు ఆమె చీలమండల దగ్గరున్నాయి. ఇంకోదాంట్లో మోకాళ్ల దాకా వచ్చాయి. "అక్కణ్ణుంచి పైకి రావడం లేదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కాగితాల మీదికి వంగి, ఆగిపోయింది.

"ఆవిడ కనుబొమ మీద ఏ గాటుందో చూసి పెట్టుకున్నవాళ్లు కూడా ఎవరో ఉండే ఉంటారు," అంది. "వాళ్లకి మాత్రం ఆవిడ మునగడం ఇష్టమా? నీళ్లు ఆగలేదు. మీరు పడవ వేస్తే పిల్లలకి చప్పట్లు మిగుల్తాయి. ఆవిడ ఏం చేసిందో మిగలదు."

అతను కొత్త కాగితం తీశాడు. ఆమె కుర్చీ కిటికీ దగ్గరకి లాక్కుని, ఆపరేటర్ హెడ్‌ఫోనుకి బదులు ఛార్జర్ వైరు మెళ్లో వేసుకుని, ఒక చెయ్యి ఫోన్ లైన్లు కలిపే స్విచ్‌బోర్డు మీద ఉన్నట్టు పెట్టి కూర్చుంది.

పెన్సిలు కదిలింది. కాసేపటికి ఆగింది.

"టీచర్ గారూ, ఊపిరి బిగపట్టక్కర్లేదండీ."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "ఎక్కడిదాకా వచ్చాయి?"

"నడుం దాకా."

"కానివ్వండి."

నీళ్లు భుజాలు దాటాక అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని గీశాడు.

*

సోమవారం హెడ్మాస్టర్ వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మొదటి పేజీల్లో ఒకరిద్దరు ఆశగా వెతికారు. తెలిసిన మొహం ఒక్కటీ దొరకలేదు. తర్వాత పేజీలు తిప్పే చప్పుడే మిగిలింది.

చివరి పేజీలో నీళ్ల కింద స్విచ్‌బోర్డు ఉంది. దాని మీద ఆవిడ చెయ్యి ఉంది. మొహం పక్కకి తిరిగి ఉంది. ఎవరూ నవ్వలేదు.

చప్పట్లు కొట్టిన పిల్ల లేచింది. "టీచర్, ఆవిడ ఫోన్ చేసిన వాళ్లు బతికారా?"

"చాలామంది బతికారు."

"మరి ఆవిడకి ఎవరూ ఫోన్ చెయ్యలేదా?"

టీచర్ తన చేతిలో పుస్తకం మూసింది. "చెయ్యాలంటే ఆవిడే లైను కలపాలమ్మా."

గంట కొట్టాక కూడా పిల్లలు వెంటనే లేవలేదు. హెడ్మాస్టర్ బెంచీలోంచి తనని తాను ఊడదీసుకుని ముందుకొచ్చాడు.

"పుస్తకం ఉండనివ్వండి," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మంచం మీద ఆయనెవరు? నాకంటే ఏం బాగా తేలుతున్నాడని?"

ఆర్టిస్టు వరండాలో ఉన్నాడు. లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు.

"నవ్వారా?"

"లేదు. పుస్తకం ఉంటుంది. తర్వాతి పుస్తకం అగ్నిప్రమాదం మీద."

"అందులో మిమ్మల్ని గీయనండీ. మళ్లీ మళ్లీ చంపడం నా వల్ల కాదు." అతను గోడవైపు చూస్తూ అన్నాడు. "మీరు పుస్తకంలో కాకుండా మా ఇంట్లో ఉంటే బాగుంటుందని... అంటే, పెళ్లి చేసుకుని."

"ఆ ముక్క నా మొహం చూసి చెప్పడానికేం? ఇన్నాళ్లూ చూసిందేగా?"

అతను తిరిగి, చూసి, చెప్పాడు.

"నాకు సరే," అంది టీచర్. "అసలు చిక్కు మా అమ్మతో. నన్ను ముంచారని ఆవిడకి మీ మీద కోపం పీకల్దాకా ఉంది."

సాయంత్రం అమ్మే తలుపు తీసింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది. కుర్చీ తెచ్చి కూతుర్ని గది మధ్యలో కూర్చోబెట్టింది. కాగితం అతని చేతికిచ్చింది.

"ముందు దీన్ని పొడి నేల మీద గీయి నాయనా. మిగతా మాటలు తర్వాత."