పచ్చగా మిగిలిన ఒక్క ట్రే

సుచిత్ర జంక్షన్ దగ్గర టిఫిన్ సెంటర్‌లో డాక్టర్ రాజారావు సగం తాగిన కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, ఆ బల్ల మీదకే ఒరిగిపోయాడు. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం లేదు. గుండెపోటు అని పేపర్లు రాశాయి. అలా రాయించింది సీక్రెట్ సర్వీస్ చీఫ్ వెంకటసాయి.

"కాఫీలో సైనైడ్," అన్నాడు చీఫ్, మేడ్చల్ రోడ్డు మీద పోతున్న కారులో. "పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కీ, నాకూ, ఇప్పుడు నీకూ తప్ప ఎవరికీ తెలీదు."

పక్కన కూర్చున్న ఏజెంట్ ఫణిభూషణ్ తలూపాడు. చీఫ్ మిగతాది క్లుప్తంగా చెప్పాడు. వరిని మాడ్చేసే అగ్గి తెగులు శిలీంధ్రానికి ఓ విదేశీ ముఠా తన ల్యాబ్‌లో పదును పెట్టింది. కోడ్ నేమ్ బూడిద. దాన్ని మన పొలాల మీద వదలాలని ప్లాన్. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, మాధవీలత. ఆ శిలీంధ్రం శాంపిల్ తెచ్చిచ్చింది ఆమే. దాన్ని తట్టుకునే వరి రకం కోసం శామీర్‌పేట ల్యాబ్‌లో రాజారావు స్క్రీనింగ్ చేస్తున్నాడు. దొరికిందని ఫోన్ చేసిన మర్నాడే చనిపోయాడు.

ఫణిభూషణ్ ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కు వెళ్లాడు. టూల్‌బాక్స్ మూత లోపల బుల్లెట్ దిగని ఉక్కు రేకు ఉంది. రాజారావు శిష్యురాలు సుప్రజకు మాత్రం అతనెవరో ముందే చెప్పి ఉంచారు. ఆమె అతన్ని నారు పెంచే గ్రోత్ ఛాంబర్ అద్దం దగ్గరకు తీసుకెళ్లింది. లోపల వరసగా నారు ట్రేలు. ఆకుల నిండా నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిద రంగు. మన రైతులు వేసే రకాలన్నీ చచ్చిపోయాయని ఆమె నీరసంగా చెప్పింది.

మూలనున్న ఒక్క ట్రే మాత్రం పచ్చగా ఉంది.

అవి అత్వెల్లిలో ఈదమ్మ అనే ముసలి రైతు దాచుకున్న వడ్లు. గుప్పెడే ఉంటే, మొత్తం ఆ ట్రేలోనే వేశారు. కోతకొస్తేనే మళ్లీ విత్తనం.

అంతలో విత్తనాల కంపెనీ ప్రతినిధిగా మాధవీలత వచ్చింది. నీలం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. సుప్రజ పక్కగదిలోకి వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది.

"చలి సరిపోతోందా?"

"దుప్పటి దొరికితే సరిపోతుంది."

కోడ్ కుదిరింది. ట్రే కోసం ముఠా మనిషి వెనక గేటు నుంచి వస్తున్నాడని, అక్కడ కాపు కాయమని చెప్పింది. ఫణిభూషణ్ మెషీన్ నుంచి కాఫీ పట్టి అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ. రాజారావు గారు పోయాక కాఫీ చూస్తేనే భయం."

గేటు దగ్గర నిలబడ్డాడు. జవహర్‌నగర్ వైపు నుంచి గాలి చెత్త కంపు మోసుకొస్తోంది. ఎవరూ రాలేదు. ఆమె అన్న మాట అప్పుడు తట్టింది. గుండెపోటుతో పోయిన మనిషిని తలుచుకుని కాఫీకి భయపడటమెందుకు?

వెనక్కి పరుగెత్తాడు.

ఛాంబర్లో మాధవీలత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫిల్టర్ ఊడదీసి, ఆ ఖాళీలో గాజు సీసా ఇరికిస్తోంది. పచ్చని ట్రే ఆమె సంచిలో ఉంది. అతన్ని చూస్తూనే పిస్టల్ పేల్చింది. బుల్లెట్ టూల్‌బాక్స్‌కు తగిలింది. పెనుగులాటలో సీసా పగిలి, అందులోని శిలీంధ్రపు బూడిద రంగు పొడి గదంతా లేచింది. ఫణిభూషణ్ ఆమెను బయటికి ఈడ్చి తలుపు మూశాడు. గుమ్మం మీది క్రిమిసంహారక జల్లు ఇద్దర్నీ తడిపేసింది. సంచి లోపలే ఉండిపోయింది.

"ఫ్యాన్ టైమర్ మీద ఉంది, ఆపే స్విచ్ వైర్లు కోసేశాను," అంది మాధవీలత. "కాసేపట్లో ఆ పొడి అత్వెల్లి పొలాల మీద ఉంటుంది."

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన సుప్రజ గోడకున్న ఎర్ర బటన్ చూపించింది. నొక్కితే ఫ్యాన్ షట్టర్లు మూసుకుని, లోపల మరిగే ఆవిరి నిండుతుంది. ఏదీ బతకదు.

"ట్రే తీసుకురావచ్చా?" అడిగాడతను.

"జల్లు మందు ఇందాకే అయిపోయింది, మళ్లీ తలుపు తీస్తే పొడి బయటికొస్తుంది సార్," అంటూ ఆమె అటు తిరిగిపోయింది.

ఫ్యాన్ మూలిగి, రెక్క కదిలింది. ఫణిభూషణ్ బటన్ నొక్కాడు. షట్టర్లు పడ్డాయి. అద్దం తెల్లబడింది.

బేడీలు వేస్తుంటే మాధవీలత నవ్వింది. "తట్టుకునే విత్తనం మాకు దొరకలేదు. మీచేత వెతికించడానికే శాంపిల్ ఇచ్చాం. ఇప్పుడది మీకూ లేదు. శిలీంధ్రం మాత్రం మా దగ్గర ఇంకా ఉంది."

ఫణిభూషణ్ నేరుగా అత్వెల్లి వెళ్లాడు. ఈదమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆ వడ్లు ఇంకేమైనా మిగిలాయా అని అడిగాడు.

"ఏడియి సారూ? గా డాక్టరు సారు అడిగితే మొత్తం ఇచ్చిన. పంటొచ్చినంక రెండింతలు ఇస్తనన్నడు. ఇగ ఎప్పుడిస్తరు?"

అతను వెనక్కి తిరిగాడు. జీపు దాకా వచ్చేసరికి ఫోన్ మోగింది. చీఫ్.

"కంగ్రాచ్యులేషన్స్ ఫణీ. మనవైపు నష్టం?"

"ఒక ట్రే వరినారు, సార్."

"అంతేనా! బతికించావు. లంచ్‌కు వచ్చెయ్, బిర్యానీ చెప్పాను."