ముప్పై ఒకటో నంబరు ఇల్లు

హత్యలు మొదలుకావడానికి మూడు నెలల ముందే, చావబోయేవాళ్ల జాబితా ఒక రీసెర్చ్ రిపోర్టులో టైపయి ఉంది.

1988 ఏప్రిల్. హైదరాబాద్ ఇంటెలిజెన్స్ ఆఫీసులో చీఫ్ ఆ రిపోర్టును ఏజెంట్ రెడ్యా ముందుకు తోశాడు.

“‘టెర్రరిస్టు ముఠాలు, సాక్షుల మౌనం’. రాసింది సూర్యాపేటలో సోషియాలజీ లెక్చరర్, సత్యానందం. మేళ్లచెరువు క్వారీల్లో జెలటిన్ స్టిక్స్ దొంగిలించి సరిహద్దు దాటిస్తున్న ముఠాను కళ్లారా చూసిన ఐదుగురు కూలీలతో ఇంటర్వ్యూలు. పేర్లు లేవు, కోడ్ నంబర్లే. ఆర్-4, ఆర్-11, ఆర్-17, ఆర్-23, ఆర్-31.”

“ఎంతమంది పోయారు సార్?”

“నలుగురు. అందరిదీ ఒకే తండా. ఒకడు లారీ కింద, ఒకడు బావిలో... ముప్పై ఒకటి ఎవరో మనకు తెలీదు. వాళ్లకు తెలుసు.”

“రిపోర్టు వాళ్లకెలా చేరింది?”

“ఢిల్లీలో మిస్ రోమా అని, ఒక విదేశీ ఫౌండేషన్ ప్రతినిధి. ముఠాకొక కాపీ, మనకొక కాపీ. ఇద్దరికీ ఒకే నవ్వు. ముప్పై ఒకటికి రేపే ముహూర్తమని చెప్పింది కూడా ఆవిడే.”

రెడ్యా లేచాడు. హాలియా దగ్గరి తండాలో పుట్టి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాడు. అలాంటి ఇళ్లలో చావును ఎవరూ పెద్దగా విచారించరని అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి సూర్యాపేటలో సత్యానందం ఇంట్లో ఉన్నాడు. లెక్చరర్ మెత్తటి మనిషి. అతిథిని చూడగానే బల్లమీది టైప్‌రైటర్ మీద తువ్వాలు కప్పి, చాయ్ తెప్పించాడు.

“ఆర్-31 ఎవరు మాస్టారూ?”

“నేను వాళ్లకు మాటిచ్చానండీ. పేర్ల కాగితం తగలబెట్టేశాను. రీసెర్చ్ ఎథిక్స్ అంటే అదే.”

“రేపు ఒక మనిషి చస్తాడు.”

“నా దగ్గర ఏ పేరూ లేదు రెడ్యా గారూ.” అది నిజమే. చాయ్ చల్లారింది.

మర్నాడు పొద్దున ఖాకీ బట్టలు, భుజాన డీడీటీ పంపు, చేతిలో జేగురు రంగు డబ్బాతో మలేరియా వర్కర్ ఒకడు తండాలోకి నడిచాడు. పంపు అడుగున మందు బదులు వైర్‌లెస్ సెట్ ఉంది.

మొదట కనిపించింది, నలుగురిలో మొదట చనిపోయిన బిచ్చా ఇల్లు. అతని తల్లి జమ్లీ గడపలో కూర్చుని ఉంది.

“ఎన్నిసార్లు కొడ్తరు పిలగా మందు? దోమలు సావయి, మేమే సస్తున్నం.”

 మలేరియా వేషంలో ఉన్న రెడ్యా చూపు తలుపు పక్క గోడమీద ఆగిపోయింది. జేగురుతో రాసిన తేదీ. దాని కింద, 4.

ఈ తండాకు పంచాయతీ నంబరు పలకలు ఇంకా రాలేదు. ఉన్నవల్లా మలేరియా వాళ్లు గోడలమీద వేసిన అంకెలే. శాంపిల్ కోసం లెక్చరర్ వాటినే కోడ్‌గా వాడుకున్నాడు. రిపోర్టు పట్టుకుని వీధి వెంట నడిస్తే చాలు.

“ఇయ్యాల ఇంకెవరన్న వచ్చిండ్రా అవ్వా?”

“మీవోడే, జరసేపయింది. గా సివరి ఇంట్లకు పోయిండు. ఏం మనిషో, బువ్వకుండలు బయట పెట్టుకొమ్మని గూడ చెప్పలే.”

రెడ్యా పరుగెత్తాడు. కుండలూ గిన్నెలూ బయట పెట్టించకుండా మందు కొట్టే మలేరియా మనిషి ఏ తండాలోనూ ఉండడు.

31. తలుపు తీసే ఉంది. చాందీ అనే క్వారీ కూలీ చెయ్యి చాపి కూర్చుంది. ఖాకీ బట్టలవాడు ఆమె మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు.

“జొరం పరీక్ష తల్లీ. కదలకు.”

మలేరియా పరీక్షకు రక్తం వేలికొసన సూదితో గుచ్చి తీస్తారు. వాడి చేతిలో సిరంజి ఉంది, అది నిండుగా ఉంది. మొన చర్మానికి తగలబోతుండగా ఇనుప పంపు వచ్చి వాడి మణికట్టుకు తగిలింది. సిరంజి పేడతో అలికిన నేల మీద పగిలింది. రెండో దెబ్బకు వాడు కూలబడ్డాడు.

చాందీ చెయ్యి ఇంకా చాపే ఉంది. “నా పేరు రాయనన్నడన్నా ఆ సారు. రాసిండా?”

“రాయలేదమ్మా.”

“మరి వీనికెట్ల తెలిసింది?”

రెడ్యా గోడమీది అంకెకు జేగురు పూసి చెరిపేశాడు. వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది: రిపోర్టు నలభై కాపీలు దేశాలు దాటాయి, వెనక్కి తేలేం, ఆమెను వెంటనే తరలించు.

“ఎన్నాళ్లు పోవాలె?” చాందీ మూట కడుతూ అడిగింది. “మా కొడుకు మంగ్త్యా హాలియాకు కోతలకు పోయిండు. వచ్చి ఇంటికి తాళం సూస్తే పరేషాన్ అయితడు.”

రెడ్యా ఆమె మూట అందుకున్నాడు.

పట్టుబడ్డవాడి జేబులో ఒక టైపు కాగితం దొరికింది. రిపోర్టులోని పట్టికే, ఒక గడి ఎక్కువ: ‘ప్రస్తుత స్థితి’. నలుగురి ఎదురుగా ‘మృతి’, తేదీలతో సహా. ఆర్-31 ఎదురుగా ‘పెండింగ్’.

సాయంత్రం సూర్యాపేటలో రెడ్యా ఏమీ అడగకుండా టైప్‌రైటర్ మీది తువ్వాలు లాగేశాడు. అదే పట్టిక, సగం టైపు చేసి ఉంది. సత్యానందం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“బిచ్చా పోయాడని పేపర్లో చూసిన రోజే నాకు అర్థమైంది, నా నంబర్లు ఎంత పని చేశాయో. మీ ఆఫీసుకు ఉత్తరం కూడా రాశాను. పోస్ట్ చేయలేదు. నోరు విప్పిన సాక్షి ఏడాది బతకడన్నది నా సిద్ధాంతం. ఆధారాలు చాలవని ఫారిన్ ఎగ్జామినర్ నా థీసిస్‌ను తిప్పికొట్టాడు. రెండోవాడు పోయాక ఆధారం దొరికింది. మూడోవాడి దగ్గర ఆపితే స్టడీలో నేను వేలు పెట్టినట్టే గదండీ? అందుకే ఊరుకున్నాను. కొత్త పట్టిక ఫౌండేషన్‌కు పంపింది నేనే. అది ఎవరి చేతికి పోతుందో తెలిసే పంపాను. ముప్పై ఒకటి... బతికిందా?” రెడ్యా తలూపాడు. “అయితే ఐదింట నాలుగు. ఎనభై శాతం. ఇంతకన్నా తక్కువకే డాక్టరేట్లు ఇస్తున్నారండీ.”