పలకకి అటువైపు

"ఏమండీ, విరిగిన కమాను ముక్క ఒకటి ఇస్తారా?"

షబానా పరీక్ష పేపర్ల మీంచి తలెత్తింది. బయట జోరుగా వాన. బందరు ఇనగుదురుపేటలో కమాను కట్టలు బాగుచేసే ఆ రేకుల షెడ్డుకి లారీ డ్రైవర్లు వస్తారు, క్లీనర్లు వస్తారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నెత్తిన ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని వచ్చినవాళ్ళు ఇంతకు ముందు లేరు.

"ఏ లారీకి?"

"లారీకి కాదండీ. గొడ్డలికి."

ఆమె ఎర్ర పెన్ను కింద పెట్టింది. "ఎవర్ని నరకాలి?"

"అయ్యో, ఎవర్నీ కాదు. చేసి గోడకి తగిలించుకుంటాను."

"గోడకైతే క్యాలెండరు చాలదా అండీ?"

అతను నవ్వేశాడు. పేరు ఫైసల్ అని, గుడివాడలో బ్యాంకు ఉద్యోగమని చెప్పి, సంచీలోంచి కాగితాలు తీశాడు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించినవి. పైన ఉన్న బొమ్మలో గడ్డం జడ వేసుకున్న మనిషి గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు.

"మీ చుట్టమా?"

"వైకింగులండీ. వెయ్యేళ్ళ క్రితం యూరపు ఉత్తరాన సముద్రాల మీద తిరిగినవాళ్ళు. దోచుకునేవాళ్ళు కూడా. ఇప్పుడు డెన్మార్కు లాంటి చోట్ల మాస్టార్లు, గుమాస్తాలు సెలవురోజుల్లో కొలిమి పెట్టుకుని, ఆ కాలం పనిముట్లు ఆ కాలం పద్ధతిలోనే చేస్తారు. ఆ బట్టలే వేసుకుంటారు, ఆ పడవలే కడతారు. హాబీ."

"దోచుకోవడం కూడా హాబీయేనా?"

"అదొక్కటీ మానేశారట."

షబానాకి నవ్వొచ్చింది. ఆ షెడ్డులో తనకి నవ్వొచ్చి చాలాకాలమైందని గుర్తొచ్చి, ఆపుకుంది.

"ముక్క తీసుకెళ్ళండి. పని మాత్రం ఇక్కడ జరగదు. మా కొలిమి వెలిగించడం లేదు."

"ఎందుకండీ?"

ఆమె చూపు మాత్రం మూలకి పోయింది. అక్కడ గోడకి ఆనించి పెద్ద సమ్మెట ఉంది. దాని కర్ర, చేతులు పట్టుకునే చోట, నున్నగా నల్లబడింది.

అతనూ అటు చూశాడు. మళ్ళీ అడగలేదు. వాన తగ్గేదాకా నిలబడి, ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు. అతను అడగకపోవడం షబానాకి నచ్చింది.

ఆ సమ్మెట ఆమె అన్న నాగుల్‌మీరాది. తండ్రి రహంతుల్లా పటకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని చిన్న సుత్తితో ఒకచోట తట్టేవాడు. అంటే, అక్కడ కొట్టు అని. నాగుల్‌మీరా అక్కడే సమ్మెట దెబ్బ వేసేవాడు. ఆపాలంటే తండ్రి ఇనుముని వదిలి, కింద ఉన్న దాగలి మీద, ఆ ఇనుప దిమ్మ మీద, ఖాళీ దెబ్బ ఒకటి వేసేవాడు. ఠంగుమనేది. ఆ మోత వినపడగానే వెనక ఇంట్లో తల్లి ఖాసింబీ టీకి నీళ్ళు పెట్టేది. పని జరిగినంతసేపూ వాళ్ళిద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు.

కిందటేడు వానాకాలంలో వచ్చిన జ్వరం నాగుల్‌మీరాని తీసుకుపోయింది. అప్పటినుంచి రహంతుల్లా వెల్డింగుతో నెట్టుకొస్తున్నాడు. దాగలి మీద గోనెపట్టా కప్పేశాడు. తండ్రి ఒక్కడే షెడ్డులో కూర్చోవడం చూడలేక, షబానా ఆదివారాలు స్కూలు పేపర్లు అక్కడికే తెచ్చుకుని దిద్దుతుంది.

మరుసటి ఆదివారం ఫైసల్ మళ్ళీ వచ్చాడు. కుడిచేతికి కట్టు.

"గొడ్డలి తగిలిందా?" అంది షబానా.

"అంతదాకా రాలేదండీ. అమ్మ బొగ్గుల కుంపటి దగ్గరే ఆగిపోయింది."

వెల్డింగు అద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని రహంతుల్లా ఇవతలికి వచ్చాడు. "కుంపట్లో కమాను ముక్క కాలుతుందటయ్యా? చెయ్యి కాలుతుంది గానీ!"

"అందుకే మీ దగ్గరకొచ్చాను మావయ్యగారూ."

"ఎవరికి మావయ్య?" షబానా గొంతు లేచింది.

"పెద్దవాళ్ళని అలా అనడం మా ఊళ్ళో అలవాటండీ."

రహంతుల్లా ఆ కాగితాలు తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. "కత్తులూ గొడ్డళ్ళూ నా షెడ్డులో వద్దు బాబూ. చేసింది నువ్వే అయినా, నలుగురూ అడిగేది నన్ను. వీళ్ళు ఇంకేమీ చెయ్యలేదా?" అని కాగితం తిప్పాడు. అక్కడ పడవ ఉంది. ఒక పలక అంచు మీద ఇంకో పలక అంచు ఎక్కించి, ఇనుప మేకులతో బిగించిన పడవ.

ఆయన చూపు అక్కడే ఆగింది. కుర్రతనంలో గిలకలదిండి రేవులో నావలకి మేకులు చేసిన చెయ్యి అది.

"మనం మేకు కొట్టి, మొన వంచేసేవాళ్ళం. వీళ్ళు లోపలివైపు బిళ్ళ తొడిగి, మొనని ఆ బిళ్ళ మీదే అణిచేశారే! బాగుంది." కాసేపు ఆగాడు. "పెరట్లో చోటుంది. కొలిమి వెలిగించుకో. మెత్తటి ఇనుము చూసి మేకులు చేసుకో. ఆ మూలనున్న సమ్మెట మాత్రం ముట్టుకోవద్దు."

"ముట్టుకోనండీ."

గిలకలదిండిలో ఫైబర్ బోట్లు వచ్చాక పాత చెక్కనావల్ని విప్పేస్తున్నారు. గొడ్డలి మానేసి చిన్న పడవ కట్టాలని ఫైసల్ ఆ పలకలు కొని రిక్షాలో తెచ్చాడు. పాత బండి చక్రాల పట్టాలు తెచ్చి, కాల్చి, ఓ రైలుపట్టా ముక్క మీద మేకులు సాగదీశాడు. మొదటి మేకులు చూసి "ఇవి మేకులా, వానపాములా?" అంది షబానా. కార్టూన్లలో వైకింగుల్ని చూసిన పేట పిల్లలు గోడెక్కి "కొమ్ముల టోపీ ఏదండీ?" అని అరిచేవాళ్ళు. "నిజానికి వాళ్ళ టోపీలకి కొమ్ముల్లేవురా" అని అతను ఓపిగ్గా చెప్పేవాడు. పిల్లలు నమ్మలేదు.

పలకలు బిగించే రోజు వచ్చింది. బయటనుంచి మేకు దించాక, ఒకరు అటువైపు మేకు తలకి బరువైన సుత్తి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు లోపలివైపు కూర్చుని, బిళ్ళ తొడిగి, మొన అణచాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

"రెండోవాళ్ళు ఎవరో మరి?" అన్నాడు ఫైసల్, ఆకాశానికేసి చూస్తూ.

"నాకు పేపర్లున్నాయి" అంది షబానా. అంటూనే చున్నీ నడుముకి బిగించి, ఒరగబెట్టిన పడవలోకి ఎక్కి కూర్చుంది.

మధ్యలో పలక. అతను కనపడడు, గొంతు ఒక్కటే వినపడుతుంది. మేకు మొన మీద ఆమె తడితే అతను అటునుంచి బలంగా ఆనించి పట్టుకునేవాడు. ఆ సుత్తి దెబ్బల భాష ఆమె ఎక్కడా నేర్చుకోలేదు, పుట్టినప్పటినుంచీ విన్నది. దాన్ని ఒకరికి చెప్పాలని ఆమెకి తోచనే లేదు.

మొహాలు కనపడకపోవడంలో ఒక సుఖం ఉంది. ఎవరి ముందూ ఎత్తని తన అన్న కబుర్లు షబానా ఆ పలకతో చెప్పింది. అన్న విజిల్ వేస్తూ సమ్మెట తిప్పేవాడని, మటన్ కన్నా ఎండుచేపే ఇష్టమని, తను సైకిల్ నేర్చుకున్నది అతని భుజం పట్టుకునేనని. అటువైపునుంచి ఓదార్పు మాటలేవీ వచ్చేవి కావు. "ఊ" అని మాత్రం వచ్చేది. అది చాలేది.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. పలక అటువైపు అతను సుత్తి కింద పెట్టిన చప్పుడు.

"షబానాగారూ, నేను పడవ కోసమే వస్తున్నానని మీరు అనుకుంటున్నారేమో..."

ఆమెకి వినాలని ఉంది. వింటే జవాబు చెప్పాలి. చిన్న సుత్తి తీసుకుని, మేకు లేని చోట, ఉత్త పలక మీద కొట్టింది. ఆపమని.

"మొదట్లో పడవ కోసమే. ఇప్పుడు శనివారం రాత్రి నిద్ర పట్టడం లేదు..."

మళ్ళీ కొట్టింది, గట్టిగా.

"మీకు ఇష్టమైతే మా అమ్మని తీసుకొచ్చి..."

షబానా పడవ దిగి అతనున్న వైపు వచ్చింది. మొహం కందిపోయి ఉంది. "ఆపమంటే ఆపని మనిషితో నాకు మాటల్లేవు."

ఫైసల్ తెల్లబోయాడు. "నేను..."

"నేను వెళ్ళిపోతే ఆ షెడ్డులో మా నాన్న, ఆ సమ్మెట, ఇద్దరే మిగులుతారు. అది మీకు తెలుసు. తెలిసి కూడా అడిగారు." ఆమె వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. షబానా దిద్దిన పేపరే మళ్ళీ దిద్దింది. గుడివాడ బస్సు వచ్చే వేళకి రోడ్డు వైపు చూసి, చూసినందుకు తనని తనే తిట్టుకుంది.

ఆ పై ఆదివారం వచ్చాడు. భుజాన బారెడు ఇనుప కడ్డీ.

"లంగరు ఒక్కటీ చెయ్యాలి. ఒకచోట మేకు మిగిలింది. రెండూ అయిపోతే మళ్ళీ రానండీ. సగంలో వదిలెయ్యడం బాగోదని వచ్చాను."

ఆమె తల ఊపింది.

లంగరు మేకు లాంటిది కాదు. కడ్డీ లావు. ఫైసల్ దాగలి మీది గోనెపట్టా తీసి, చిన్న సుత్తితో పదేపదే కొడుతున్నాడు. రెండు దెబ్బలకే ఇనుము నల్లబడిపోతోంది. మళ్ళీ కొలిమిలో పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. రహంతుల్లా వెల్డింగు ఆపి చూస్తున్నాడు. చూసి చూసి, ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఇనుముని బతిమాలుతున్నావేమయ్యా! ఇలా తే."

పటకారు లాక్కున్నాడు. కడ్డీని నిప్పుల్లోకి దూర్చి, రంగు చూసి, తీసి దాగలి మీద పెట్టాడు. చిన్న సుత్తితో ఒకచోట తట్టాడు. తట్టి, ఆగాడు.

దెబ్బ పడలేదు.

ఆయన మళ్ళీ తట్టాడు. తల ఎత్తలేదు. ఎవరికోసం తడుతున్నాడో ఆ చేతికి తెలుసు. కళ్ళకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఎర్రటి ఇనుము మెల్లగా మసకబారుతోంది.

"సమ్మెట ముట్టుకోవద్దన్నారు కదండీ" అన్నాడు ఫైసల్, చాలా మెల్లగా.

రహంతుల్లా సుత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది.

షబానా లేచింది. మూలకి వెళ్ళి సమ్మెట ఎత్తింది. అనుకున్నదానికన్నా బరువు. కర్ర మీద నల్లబడ్డ చోట తన చేతులు పెట్టింది. తండ్రి తట్టిన చోట కొట్టింది. దెబ్బ కొంచెం పక్కన పడింది. ఆయన మళ్ళీ తట్టాడు. ఈసారి సరిగ్గా పడింది. మళ్ళీ. మళ్ళీ. ఆమెకి భుజాలు నొప్పిపుట్టాయి, కళ్ళల్లోకి చెమట దిగింది. అది చెమటేనని అనుకుంది.

ఆఖర్న ఠంగుమని దాగలి మోగింది. ఆమె ఆపింది.

వెనక గుమ్మంలో ఖాసింబీ నిలబడి ఉంది. చేతిలో సగం వలిచిన అల్లం. సమ్మెట ఎవరి చేతిలో ఉందో చూసింది. చాలాసేపు చూసింది.

"టీ పెడతాను" అని లోపలికి వెళ్ళింది.

రహంతుల్లా భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఫైసల్ వైపు తిరిగాడు. "నువ్వు రావయ్యా. దాని చేతిలోది తీసుకో. ఆడపిల్ల చేత ఎంతసేపు కొట్టిస్తావు?"

"నా చేతులకేం?" అంది షబానా, ఊపిరి అందకపోయినా.

ఫైసల్ రెండు చేతులతో అందుకున్నాడు. రహంతుల్లా తట్టాడు, అతను కొట్టాడు. పని కుదిరింది. కాసేపటికి ముసలాయన దాగలి మీద ఖాళీ దెబ్బ వేశాడు. ఫైసల్ కొట్టాడు. మళ్ళీ ఖాళీ దెబ్బ. ఫైసల్ ఇంకా ఉత్సాహంగా కొట్టాడు. కొస వంకర తిరిగింది.

"ఆపమంటే ఆపవేమయ్యా!"

"ఎప్పుడన్నారండీ?"

"ఇప్పుడేగా! ఖాళీ దెబ్బ వేస్తే ఆపమని కాదూ? ఏమ్మా, ఇన్నాళ్ళూ పక్కనే పనిచేశాడు. ఇది కూడా చెప్పలేదా?"

ఫైసల్ సమ్మెట దించి షబానా వైపు చూశాడు. అతని మొహంలో ఆ మబ్బు సాయంత్రం మొత్తం తిరిగి నడుస్తోంది.

"అంటే ఆ రోజు పలక మీద మీరు..."

"ఆపమన్నాను."

"మీరు వింటున్నానంటున్నారనుకున్నాను! అందుకే ధైర్యం వచ్చింది."

"మొదటి మాటకే ఆపమన్నాను. మీకు తెలుసనుకున్నాను."

"బ్యాంకులో ఇవి నేర్పరండీ."

ఆమె నవ్వింది. ఆపుకోలేదు. రహంతుల్లాకి సంగతి అర్థమైందో లేదో గానీ, వంకర తిరిగిన కొసని చాలా శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు.

ఖాసింబీ నాలుగు గ్లాసులతో పళ్ళెం తెచ్చింది. అలవాటు తప్పి చాలాకాలమైనా, ఆ పళ్ళెంలో నాలుగు సరిగ్గా సర్దుకున్నాయి.

టీ తాగుతూ రహంతుల్లా అడిగాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ?"

"అమ్మండీ."

"శుక్రవారం షెడ్డు మూసేస్తాం. ఖాళీగా ఉంటాం."

ఫైసల్ గ్లాసు దించాడు. "ముందు ఒక మేకు మిగిలి ఉంది మావయ్యగారూ. అది బిగించాక చెప్తాను."

ఎవరికి మావయ్య అని షబానా అడగలేదు. పెరట్లోకి వెళ్ళి పడవలో కూర్చుంది. అటువైపు అతను వచ్చి సుత్తి ఆనించిన చప్పుడు. ఆమె బిళ్ళ తొడిగింది. అతను మాట్లాడలేదు. ఈసారి ఆగడం అతనికి తెలుసు.

"నాన్న ఒక్కడే అయిపోతాడని నాకు భయం" అంది ఆమె, పలకతో.

"గుడివాడ నుంచి ఆదివారం ఇటు వచ్చే బస్సే సోమవారం అటు వెళ్తుందండీ. కాపురం బందర్లో ఉంటే బ్యాంకు వాళ్ళు వద్దంటారా? ఇక ఆ సమ్మెట అంటారా, వంకర కొట్టకుండా నేర్చుకోవడానికి నాకే చాలా ఏళ్ళు పట్టేట్టుంది."

ఆమె చిన్న సుత్తి ఎత్తింది. మేకు మొన మీద, సరిగ్గా నడినెత్తిన, మెత్తగా తట్టింది.

అటువైపు అతను పలకకి దగ్గరగా జరిగిన చప్పుడు.

"దెబ్బ మేకు మీద పడిందా, పలక మీద పడిందా?"

"చెవుల్లేవా?"

"ఉన్నాయండీ. ఇంకోసారి వినాలని."

ఆమె ఇంకోసారి తట్టింది. అతను ఆ రోజు సగంలో వదిలిన మాట మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. చినుకులు మొదలయ్యాయి. షెడ్డులోంచి రహంతుల్లా, ఇక చాలు లోపలికి రండని, దాగలి మీద ఠంగుమని ఖాళీ దెబ్బ వేశాడు.

ఈసారి ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరూ ఆపలేదు.