మాట అడిగే మలుపు

చీకటి పడ్డాక ఆ కనుమ దారిన ఎవరూ నడవరు. మీసాలు మెలేసే మొనగాళ్ళు కూడా చుట్టుతిరిగే పోతారు. మలుపులో కూలిపోయిన కాపలా గది ఒకటుంది... అక్కడికి రాగానే చీకట్లోంచి ఓ గొంతు అడుగుతుందట — "ఆగు. ఎవరది? గుర్తుమాట చెప్పు."

ఆ గొంతు ఎవరిదో పెద్దోడికి తెలుసు. దండులో ఆ అన్నదమ్ములిద్దరినీ పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేవారు. చిన్నోడు ఆ గది ముందే కాపలా కాస్తూ చచ్చిపోయాడు.

చచ్చిపోయాడనడం కూడా తప్పే. దళపతి చంపాడు. గుర్తుమాట చెప్పినవాడు కాపలా అందుకోవాలి, అప్పుడుగానీ ముందువాడు కదలకూడదు — అదీ దండు కట్టుబాటు. చిన్నోడు తనకి ఎదురు చెప్పాడన్న కక్షతో, మంచు కురిసే రాత్రి దళపతి అన్నాడు: "వాణ్ణి కాపలా నుంచి దింపడానికి నేనే వెళ్తా. ఇంకెవడైనా వెళ్తే తల తీస్తా." అని, పీకలదాకా తాగి గుర్రుపెట్టి నిద్రపోయాడు. పెద్దోడు తెల్లవార్లూ గుమ్మం ముందు నిలబడి లేపుతూనే ఉన్నాడు. పొద్దున చూస్తే తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే బిగుసుకుపోయాడు.

అయినా పెద్దోడు ఆ దుర్మార్గుడి కొలువు మానలేదు. అమ్మానాన్నా లేని ఆ ఇద్దరినీ సాకింది దళపతి తండ్రి మరి. పోతూ పోతూ, "నా కొడుకు ప్రాణం నీ చేతిలో పెడుతున్నా" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టే పెద్దోడి కాళ్ళకి సంకెళ్ళయింది.

ఓ వానాకాలం రాత్రి వరదకి పెద్దదారి తెగింది. తెల్లారేలోగా కోటకి రమ్మని రాజుగారి కబురు. మిగిలింది కనుమ దారే.

"దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నడవరా!" అన్నాడు దళపతి పెద్దోడితో.

మలుపు దగ్గర గుర్రాలు ఆగిపోయాయి. ఎంత అదిలించినా ఒక్క అడుగు వెయ్యవు. ఇద్దరూ దిగారు.

"ఆగు... ఎవరది?"

పెద్దోడు వెంటనే గుర్తుపట్టాడు. అదే గొంతు... కాస్త జలుబు చేసినట్టుగా.

"గుర్తుమాట?"

ఈటె మొన వచ్చి దళపతి గొంతుకి ఆనింది. ఈటె కనిపిస్తోంది... పట్టుకున్న చెయ్యి కనిపించడం లేదు.

"ఏరా... ఆ రాత్రి మాటేంట్రా?" గొణిగాడు దళపతి. మర్చిపోయాడు, మహానుభావుడు!

పెద్దోడికి ఆ మాట తెలుసు. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, పీడ విరగడైపోతుంది. తమ్ముడి ఉసురు వీడికి తగులుతుంది... మరి ఒట్టు? ఏడుస్తూనే వంగి, దళపతి చెవిలో చెప్పాడు — "వెన్నెల."

"వెన్నెల!" అని అరిచాడు దళపతి.

ఈటె మొన గొంతు మీంచి పక్కకి తొలిగింది. చీకట్లో ఎవరో హమ్మయ్య అని నిట్టూర్చారు.

"వచ్చారా అయ్యా... వస్తానన్నారు కదా, వస్తారనే చూస్తున్నా. ఇక కాపలా మీది."

ఈటె దళపతి చేతిలోకి వచ్చింది. విసిరెయ్యబోయాడు... వేళ్ళు విడలేదు. పరుగెత్తబోయాడు... కాళ్ళు కదల్లేదు. మీసాల మీద తెల్లగా మంచు పేరుకుంటోంది — వానాకాలంలో!

"ఒరేయ్, మాట చెప్పరా! చెప్పి నా చోట నువ్వు నిలబడు! మా నాన్నకి ఒట్టేశావు!"

నిజమే, వేశాడు. పెద్దోడు కళ్ళు తుడుచుకుని ఒక అడుగు ముందుకేశాడు. నోరు తెరిచాడు. "వె..."

చల్లటి అరచెయ్యి ఒకటి మెల్లగా వచ్చి అతని నోరు మూసింది.

"చాల్లే అన్నా. ఇంటికి పోదాం పద."