వెనక మెట్లు

"ఏ ఉద్యోగమైనా పర్లేదండి," అంది ఆ అమ్మాయి, గొడుగులోంచి కారుతున్న నీళ్ళు గదంతా పడకుండా తన చెప్పుల మీదే పడేలా పట్టుకుని.

మణిశంకర్ పెన్ను కింద పెట్టేశాడు. కాకినాడ భానుగుడి దగ్గర, పాపాయి గారి మెస్ పై అంతస్తులో 'మణి కెరీర్స్' అని బోర్డు కట్టి ఏడాదైంది. ఈ ముక్క విన్నప్పుడల్లా అతనికి చిర్రెత్తుకొస్తుంది.

"చూడండి ఉమాశ్రీ గారూ! ఏదైనా పర్లేదనేవాళ్ళకి ఏదీ రాదు. ఇంటర్వ్యూలో అడిగితే నాకిది కావాలి అని చెప్పాలి. ఇప్పుడు చెప్పండి, మీకేం కావాలి?"

"ముందు ఫ్యాన్ కావాలండి. తడిసిపోయాను."

ఫ్యాన్ వేశాడు. టేబుల్ మీది బయోడేటాలన్నీ గాల్లోకి లేచాయి. ఇద్దరూ వంగి ఏరుతుంటే, "ఇంతమందికీ మీరే ఉద్యోగాలిప్పిస్తారా?" అంది ఆ అమ్మాయి, పెద్ద కళ్ళు మరింత పెద్దవి చేసి.

"ఇప్పిస్తాను," అన్నాడు టై సర్దుకుంటూ.

"టై పొట్టిగా కట్టారండి," అంది ఉమాశ్రీ.

అది రెండువేల ఏడు, వానాకాలం. ఆ నెల తిరక్కుండానే ఉమాశ్రీకి రొయ్యల మేత తయారుచేసే ఓ కంపెనీలో, మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే సెక్షన్‌లోనే ఉద్యోగం వచ్చింది. మొదటి జీతానికి కాజాలు పట్టుకొచ్చింది. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా ప్రతి శనివారం వచ్చింది.

"ఇవాళేం పనిమీదండీ?" అనేవాడు మణిశంకర్.

"మీ టై చూద్దామని."

అద్దం ముందు ఆ టైని ఎన్నిసార్లు కట్టి విప్పేవాడో అతనికే తెలియాలి. పొడుగ్గా కట్టడం చేతకాక కాదు. సరిగ్గా కడితే ఆ పిల్ల మరి దేన్ని వెక్కిరిస్తుంది?

ఇలా ఉండగా అమెరికాలో ఏదో బ్యాంకు కూలింది. అక్కడెక్కడో బ్యాంకు కూలితే భానుగుడిలో నా ఫోను మూగబోవడమేంటని మణిశంకర్ మొదట్లో నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. పిల్లల్ని పంపండి పంపండి అని ప్రాణం తీసిన హైదరాబాదు కంపెనీలు ఫోనెత్తడం మానేశాయి. ఎత్తినవాళ్ళు "రెసిషన్ కదండీ" అని పెట్టేసేవారు. పంపిన పిల్లలు ఒక్కొక్కరే సూట్‌కేసులతో వెనక్కొచ్చేశారు.

వాళ్ళలో పెద్దిరాజు ఒకడు. రామచంద్రపురంలో రైసుమిల్లు లెక్కలు రాసుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి, "మిల్లులో తవుడు పీలుస్తూ ఎన్నాళ్ళుంటారండీ? హైదరాబాదు వెళ్ళండి, ఏసీలో కూర్చుంటారు," అని మెడపట్టి పంపింది మణిశంకరే. ఏసీ ఆర్నెల్లకే ఆగిపోయింది. మిల్లువాళ్ళు ఈలోగా వేరే మనిషిని పెట్టుకున్నారు. పెద్దిరాజు రోజూ పొద్దున్నే వచ్చి, ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చుని మెట్లకేసి చూసేవాడు.

ఆ చూపుకి ఎదురెళ్ళడానికి మణిశంకర్‌కి మొహం చెల్లలేదు. అద్దెగది ఖాళీ చేసి ఆఫీసులోనే పడుకుంటున్నాడు. ముందు తలుపుకి లోపల్నుంచి తాళం వేసి, వెనక మెట్ల మీంచి, పాపాయి గారి వంటింట్లోంచి రాకపోకలు మొదలుపెట్టాడు.

"ఏం బాబూ, మా వంటింటిని రాజమార్గం చేసేశావే! పోనీ వెళ్తూ వెళ్తూ ఆ ఉల్లిపాయలైనా తరిగి పో," అనేది పాపాయి గారు. తరిగేవాడు. కళ్ళనీళ్ళకి అదొక సాకు.

ఉమాశ్రీ ఫోను కూడా ఎత్తడం మానేశాడు. ఎత్తి ఏం చెబుతాడు? ఇంతమందికి ఉద్యోగాలిప్పించే మనిషనుకుంది. ఇప్పుడు ఆ కళ్ళు చిన్నవైపోతే చూడలేడు. శనివారాలు తలుపు చప్పుడైతే ఊపిరి బిగబట్టి లోపలే కూర్చునేవాడు. వెళ్ళిపోతున్న చెప్పుల చప్పుడు విని, ఛీ నా బతుకు అనుకునేవాడు.

చివరికి పేపర్లో, కంపెనీ పేరు లేకుండా బాక్స్ నంబరు మాత్రమే ఉన్న ప్రకటన చూసి తన బయోడేటా తనే పంపుకున్నాడు. రాజమండ్రిలో ఒక హోటల్‌కి రమ్మని ఉత్తరం వచ్చింది. తెలిసినవాళ్ళెవరూ ఉండని ఊరు కదా అని ధైర్యంగా వెళ్ళాడు.

తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి, టేబుల్‌కి అవతల ఉమాశ్రీ కూర్చుని ఉంది. పక్కన వాళ్ళ కంపెనీ మేనేజరు జగన్నాథరావు గారు.

వెనక్కి తిరుగుదామంటే ఈ గదికి వెనక మెట్లు లేవు.

"కూర్చోండి," అంది ఉమాశ్రీ, ఎప్పుడూ చూడనట్టే. "ప్రస్తుతం ఏం చేస్తున్నారండి?"

ఖాళీగా ఉన్నామని చెప్పకూడదు, కుటుంబ వ్యాపారం అనాలి అని వందమందికి నేర్పినవాడు, వాళ్ళందరికంటే అధ్వాన్నంగా గొణిగాడు. "కుటుంబ వ్యాపారమండి."

"ఏం వ్యాపారం?"

"అదే... హోటలు."

"ఆ హోటల్లో మీ పనేంటి?"

"ఉల్లిపాయలు..." అని నాలిక్కరుచుకున్నాడు. జగన్నాథరావు గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు.

"సరే గానీ, మా దగ్గర స్టోర్స్‌లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఖాళీలున్నాయి. మీరేది అనుకుంటున్నారు?" అన్నారాయన మంచితనంగా.

మణిశంకర్ నోట్లోంచి, తను ఆపేలోగానే వచ్చేసింది. "ఏదైనా పర్లేదండి."

ఉమాశ్రీ చేతిలో పెన్ను ఆగిపోయింది. బయోడేటా పక్కన పెట్టి, "క్షమించండి. ఈ ఉద్యోగానికి మీరు తగరండి," అంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ కాలవగట్టు కనబడలేదు, దారిపొడుగునా పూలమొక్కల నర్సరీలూ కనబడలేదు. తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం రానందుకు కాదు. ఆ పిల్ల కళ్ళల్లోకి చూస్తూ అబద్ధమాడినందుకు.

ఆదివారం మధ్యాహ్నం, కూరల సంచీతో వెనక మెట్ల దగ్గరికొచ్చేసరికి, కింది మెట్టుమీద కూర్చుని ఉమాశ్రీ వెల్లుల్లి వొలుస్తోంది.

"మీరా!"

"నేనేనండి. ముందువైపు ఎప్పుడొచ్చినా తాళమే. వెనకనుంచి వెళ్తారని టీకొట్టు దగ్గర పెద్దిరాజు గారు చెప్పారు."

"అతనికి తెలుసా?"

"వీధి మొత్తానికి తెలుసండి. తెలుసన్న సంగతే మీకు తెలీదు."

మణిశంకర్‌కి చచ్చినంత సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపమొచ్చింది. "ఉద్యోగం ఇవ్వకపోతే మానె. ఆ పెద్దాయన ముందు తగరు అనాలా?"

"ఏదైనా పర్లేదు అని మీరనాలా?" అంది ఉమాశ్రీ. "బయోడేటా చూసి పట్టుబట్టి పిలిపించింది నేనేనండి. ఫోనెత్తరు, తలుపు తీయరు. ఇలాగైనా కనబడతారని. కనబడి, నా మొహం చూస్తూ కుటుంబ వ్యాపారం అన్నారు."

"సిగ్గేసింది, ఉమా." గారు లేకుండా పిలవడం అదే మొదటిసారి. "నీ ముందు చిన్నవాణ్ణి అవడం నావల్ల కాలేదు."

"చిన్నవాళ్ళయింది డబ్బు లేకపోయి కాదు. దాక్కుని." వెల్లుల్లి పాయ ఒకటి చితికిపోయింది ఆమె వేళ్ళ మధ్య. "అయినా తగరు అనడానికి ఇంకో కారణం ఉందిలెండి."

"ఏంటి?"

"మా కంపెనీలో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలివ్వరు. రూలు."

లోపల గరిట చప్పుడు ఆగింది. మణిశంకర్ కూరల సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అర్థం కాలేదా నాయనా?" అని లోపల్నుంచి పాపాయి గారు కేకేసింది. "తొందరగా అర్థం చేసుకో. ఇక్కడ పప్పు మాడిపోతోంది!"

"నా దగ్గరేం లేదు ఉమా. ఒక్క టై తప్ప."

"అదీ పొట్టిదే." నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. వెల్లుల్లి చేతులు కదా, ఇంకా మండాయి. "ఉద్యోగం లేనివాడైనా మా నాన్నగారిని ఒప్పించగలను. దొడ్డిదారిన తిరిగేవాణ్ణయితే నేనే ఒప్పుకోను. ముందు మెట్లు దిగి రండి."

మణిశంకర్ పైకెళ్ళి, లోపల్నుంచి నడిచి, ముందు తలుపు తాళం తీశాడు. ఒక్కో మెట్టే దిగాడు. టీకొట్టు బల్లమీంచి పెద్దిరాజు లేచి నిలబడ్డాడు.

"పెద్దిరాజు గారూ, మీ నోటి దగ్గర కూడు నేనే పడగొట్టాను. తిట్టండి. కొట్టినా పడతాను."

"మొదట్లో తిడదామనే వచ్చేవాణ్ణండి," అన్నాడు పెద్దిరాజు నిదానంగా. "మంచి మంచివి దాచుకున్నాను కూడా. మీరెంతకీ కనబడకపోయేసరికి కంగారేసింది. ఉన్నారా, ఏమైనా చేసుకున్నారా అని. వెనకనుంచి వెళ్తున్నారని తెలిశాక మనసు కుదుటపడింది. నేనొచ్చి మిమ్మల్ని పట్టుకుంటే బాగోదని ఊరుకున్నాను."

మణిశంకర్‌కి భూమి చీలిపోతే బావుండుననిపించింది.

"ఇప్పుడు రావులపాలెంలో, మా మేనమామ గారి అరటిగెలల కొట్లో కంప్యూటరు లెక్కలు నావేనండి. పక్క కొట్లవాళ్ళు నాలాంటి మనుషులు కావాలంటున్నారు. అది చెబుదామనే ఆదివారాలు ఇలా వస్తున్నాను. అన్నట్టు, ఏసీ ఉండదండోయ్."

ఖాళీలు లేవని తలుపులు మూసుకున్నవాడి గుమ్మం ముందు, ఖాళీలు ఇన్ని ఆదివారాలు టీ తాగుతూ కూర్చున్నాయన్నమాట! మణిశంకర్ పెద్దిరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళకి ఈసారి ఉల్లిపాయల సాకు లేదు.

వెనక్కొచ్చిన పిల్లల ఇళ్ళకి తనే వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి, మాటలు పడి, ఆ తర్వాతే ఉద్యోగం సంగతి ఎత్తాడు. అరటి కొట్లు, ధాన్యం మిల్లులు, రొయ్యల చెరువులు తిరిగాడు. టై కట్టుకోలేదు. కొందరికి ఉద్యోగాలు దొరికాయి. కొందరు ఇప్పటికీ మాట్లాడరు.

ఆ శ్రావణంలో, అమ్మానాన్నల్లేని మణిశంకర్‌కి పెద్దదిక్కుగా పాపాయి గారు బయల్దేరింది. అమలాపురం దగ్గర పల్లె. ఉమాశ్రీ వాళ్ళ ఇంటిముందు వాననీళ్ళు నిలిచి మోకాలి దాకా బురద.

"పెరటివైపు నుంచి రండి బాబూ, అటు రాళ్ళు పరిచాం," అని ఉమాశ్రీ తల్లి వరహాలక్ష్మి గారు కేకేశారు. పాపాయి గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని హాయిగా పెరట్లోకి తిరిగింది. మణిశంకర్ మాత్రం ప్యాంటు మడిచి, జల్లులో తడుస్తూ బురదలోకే దిగాడు.

వీధి అరుగు మీద, రిటైరైన హెడ్మాస్టరు సూర్యనారాయణమూర్తి గారు చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చారు. ఆ కాళ్ళకేసి చూశారు, మొహంకేసి చూశారు.

"అటు మంచి దారి ఉందన్నా ఇటే వచ్చావే! మా అమ్మాయి నీ గురించి అంతా చెప్పింది. మంచీ చెప్పింది, మెట్లూ చెప్పింది. ఇక నువ్వు చెప్పు బాబూ. నీకేం కావాలి?"

మణిశంకర్ తల దించుకోలేదు.

"ఉమాశ్రీ కావాలండి."

తలుపు వెనకనుంచి గాజుల చప్పుడూ, ఆ వెంటనే ఓ గొంతూ వినిపించాయి.

"ముందు ఫ్యాన్ వెయ్యండి నాన్నగారూ. తడిసిపోయారు."