వస్తానని వెళ్ళింది

ఆ ఇంట్లో ఒక గోడ అల్మరా ఉండేది. అల్లాటప్పా అల్మరా కాదు. మూడు పెళ్ళిళ్ళ సామాను సర్దినా ఇంకా ఎలుకలు పరుగుపందెం పెట్టుకునేంత చోటు మిగిలేది. అందులోని బట్టలన్నీ మంచం మీదికి గిరాటేసి, లోపల మూడు గోడలకీ బొంతలు వేలాడదీసి, ఒక పీట, ఒక మైకు, చిన్న తెర పెట్టుకుని కూర్చుంది ఆ ఇంటి కోడలు.

ఆమె పని గొంతు అరువివ్వడం. తెర మీద ఎవరో ఏ దేశంలోనో ఏదో భాషలో నోరు కదుపుతారు. ఆ నోట్లో తెలుగు పోసేది ఈమె. ఒకసారి ఒకే సినిమాలో తల్లికీ, కూతురికీ, వాళ్ళింటి పిల్లికీ కూడా తనే చెప్పింది. ముగ్గుర్లోకీ పిల్లే బాగా నటించిందని జనం మెచ్చుకున్నారు. వీధిలో ఆమె అసలు పేరు అందరూ మర్చిపోయారు. గొంతమ్మ అంటేనే పలికేది.

స్టూడియోలో కప్పు కారి, పడవేసుకుని తిరగాల్సినంత నీళ్ళు చేరాయి. నాలుగు రోజులు ఇంటి నుంచే చెప్పి పంపమన్నాడు సౌండు ఇంజినీరు. మొగుడు లిఫ్టులు బాగుచేసేవాడు. పక్క ఊళ్ళో పని పడి అతనూ ఆ నాలుగు రోజులూ లేడు. లోకంలోని లిఫ్టులన్నీ ఎక్కించి దించే ఆ మనిషి సొంత భవనంలో లిఫ్టు మాత్రం ఏడాదిగా మూలనపడి ఉంది. నాలుగంతస్తులూ మెట్లే గతి.

ఇంట్లో మిగిలింది ముగ్గురు. గొంతమ్మ, ఆమె అత్తగారు, ఆరేళ్ళ కూతురు. ఆ పిల్ల నిద్రలో కూడా వాగుతుంది కనక పిచ్చుక అని పిలిచేవాళ్ళు. బడికి సెలవులు. బయట ముసురు. ఫ్యాను తిరిగే చప్పుడూ, పిచ్చుక వాగుడూ తప్ప ఇంకేమీ వినపడని రోజులు.

చేతిలో ఉన్నది ఏడు భాగాల దెయ్యం సీరియలు. దాని కోసం జనం అన్నం మానేసి కూర్చున్నారు. అందులో దెయ్యానిది చిత్రమైన వేషం. ఆరు భాగాల పాటు ఒక్క ముక్క మాట్లాడదు. గోడ వైపు తిరిగి నిలబడుతుంది, అంతే. ఏడో భాగం చివర ఇంటివాళ్ళు పొమ్మంటే ఇటు తిరిగి, ఒకే ఒక్క మాట అని గుమ్మం దాటుతుంది.

రాసిచ్చిన కాగితంలో ఆ మాట 'పోతున్నా'.

గొంతమ్మ అల్మరా తలుపు ఓరగా వేసుకుని చెప్పింది. "పోతున్నా."

అవతల మంచం మీద బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు ఉలిక్కిపడింది. చేటలోవి సగం మంచం కిందికి దొర్లాయి.

"అదేం మాటే అమ్మాయ్! నట్టింట్లో కూర్చుని పోతున్నా పోతున్నా అంటావు! వినడానికి బాగుందా?"

"నేను కాదత్తయ్యా, దెయ్యం."

"దెయ్యమైతే మాత్రం? దానికి పెద్దలు మాటలు నేర్పలేదా? ఇంట్లోంచి కదిలేటప్పుడు ఎవరైనా వస్తా అంటారు గానీ పోతా అంటారా?"

గొంతమ్మ నవ్వింది. కానీ తెర మీద ఆ పెదాల కదలిక చూస్తే, ముసలామె మాటలో పస కనిపించింది. ఆ నోరు రెండుసార్లే కదిలింది. 'పోతున్నా' పొడుగైపోతోంది. 'వస్తా' అయితే అచ్చం కొలిచి కుట్టినట్టుంటుంది.

చెప్పింది. "వస్తా."

కుదిరింది. ఎంత కుదిరిందంటే, తెర మీద ఆ ఆడది ఆగి, ఒక్క క్షణం, తన వైపే చూసినట్టనిపించింది. పంపేసి టీ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇంజినీరు ఫోను చేశాడు.

"అక్కా, అదరగొట్టారు! కాకపోతే వస్తా తర్వాత ఇంకోటుంది కదా, అది తీసెయ్యనా, ఉంచనా?"

"ఇంకోటేంటి?"

"మీరు చెప్పిందే. వస్తున్నా అని. దూరం నుంచి అన్నట్టు భలే చెప్పారు."

"నేను చెప్పలేదు తమ్ముడూ."

"మీ గొంతు నాకు తెలీదా అక్కా? మీరు తుమ్మినా గుర్తుపడతాను."

హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని తన దగ్గరున్న రికార్డింగు విన్నది. 'వస్తా.' తర్వాత బొంతల నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు కూడా లేదు. తర్వాత ఎక్కడో మెట్ల మలుపులోంచి, తన గొంతే...

'వస్తున్నా.'

అత్తగారికి వినిపించింది. మామూలుగా పక్కింటివాళ్ళు గ్లాసు పెట్టిన చప్పుడుకి కూడా పది వ్యాఖ్యానాలు చేసే మనిషి, ఒలిచిన బఠాణీలనే మళ్ళీ ఒలవబోయింది.

ఆ రోజంతా గొంతమ్మ అల్మరా జోలికి పోలేదు. తలుపు వేసి గడియ పెట్టింది. సాయంత్రం చూస్తే గడియ తీసి ఉంది. పిచ్చుక పనే అనుకుంది. ఆ గడియ పిచ్చుకకి ఇంకో పిచ్చుక భుజాలెక్కినా అందదు. ఆ సంగతి ఆలోచించకూడదని గట్టిగా నిర్ణయించుకుంది.

మూడో రోజు. మధ్యాహ్నం మూడు గంటలు. దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని చెప్పినవాళ్ళు ముసురు పట్టిన మధ్యాహ్నాన్ని ఎన్నడూ చూసి ఉండరు. ఇల్లంతా బూడిద రంగు. అత్తగారు వీధి గుమ్మం పక్కన కుర్చీలో కునుకు తీస్తోంది. గొంతమ్మ వంటింట్లో పాలు కాస్తోంది.

లోపలి గదిలోంచి పిలుపు వినిపించింది.

"పిచ్చుకా... ఇలా రా తల్లీ."

కమ్మగా ఉంది ఆ గొంతు. ప్రేమ ఒలుకుతోంది.

అది తన గొంతు.

"వస్తున్నా అమ్మా!" హాల్లోంచి పిచ్చుక పరుగు.

గొంతమ్మ చేతిలోంచి గరిటె జారింది. వంటింటి నుంచి ఆ గదికి పది అడుగులు. ఆ రోజు అవి పది మైళ్ళు. గుమ్మం పట్టుకుని చూసేసరికి...

అల్మరా తలుపు జానెడు తెరుచుకుని ఉంది. పిచ్చుక దాని ముందు నిలబడి ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. బొంతల్లోంచి తడి బట్ట ముక్కిపోయిన వాసన.

"అమ్మా, నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేంటి?" అంటోంది.

"పిచ్చుకా..." గొంతమ్మ గొణిగింది.

పిల్ల వెనక్కి తిరిగింది. గుమ్మంలో అమ్మని చూసింది. అల్మరాలోకి చూసింది. మళ్ళీ అమ్మని చూసింది.

"నువ్వు అక్కడుంటే... మరి నా చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

గొంతమ్మ దూకింది. పిల్లని నడుం పట్టుకుని లాగింది. లోపల ఏదో వదల్లేదు. మళ్ళీ లాగింది. ఒక్కసారిగా వదిలేసింది. తల్లీపిల్లా వెళ్ళి మంచం కోడుకి కొట్టుకున్నారు.

అల్మరాలోంచి, తీరిగ్గా, తన గొంతే...

"వచ్చా."

అప్పటికి అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే కదే నేర్పాను," అంది గుసగుసగా. "నా నోరు పడిపోను. నేనే నేర్పాను."

గొంతమ్మ పిల్లని ఆమె చేతుల్లో పెట్టింది. పిల్ల మణికట్టు చుట్టూ నాలుగు తెల్లటి గీతలు.

"దీన్ని తీసుకుని వీధి గుమ్మం దగ్గర కూర్చోండి. నేను పిలిచినా రానివ్వకండి. నా గొంతుతో ఎవరు పిలిచినా సరే."

"నువ్వేం చేస్తావే?"

"కాగితంలో ఉన్నది చెప్తాను."

లోపలికి వెళ్ళి పీట మీద కూర్చుంది. తలుపు తనంతట అదే మూసుకుంది. కటిక చీకటి. ఎదురుగా తెర వెలగలేదు. బొంత అవతల గోడ ఉండాలి. అక్కడ ఎవరో ఊపిరి తీస్తున్నారు. తను తీసినప్పుడల్లా... తీస్తున్నారు. తను ఆపితే... ఆపడం లేదు.

మైకు మీట నొక్కింది.

"పోతున్నా."

ఏమీ కాలేదు.

"పోతున్నా!"

చెంప మీద చల్లగా ఏదో ఆనింది. చెవి దగ్గరికి వచ్చింది. వింటోంది.

పిచ్చుక మణికట్టు మీది గీతలు గుర్తొచ్చాయి. ఉన్న ఊపిరంతా కూడగట్టి, ఏడు భాగాల్లో ఎవరికీ పలకనంత నిజంగా పలికింది.

"పోతున్నా."

గొంతులో నూలుపోగు ఎవరో చివర పట్టుకుని లాగినట్టయింది. లాగుతూనే ఉన్నారు. పోగు అయిపోయింది. తలుపు తెరుచుకుంది. గదిలో కర్టెను కదిలింది, తర్వాత హాల్లో కర్టెను కదిలింది. వీధి గుమ్మం గడియ దానంతట అదే జారింది.

గుమ్మం పక్కన పిల్లని కావలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న అత్తగారి మీదుగా తడి గాలి దాటింది. కోడలి గొంతు నెమ్మదిగా, మర్యాదగా అంది.

"పోతున్నానండీ."

డెబ్భై ఏళ్ళుగా ఆ గుమ్మం దగ్గరా ఈ గుమ్మం దగ్గరా ఎంతమందిని సాగనంపిందో ఆ ముసలామె. పాలవాడు వెళ్ళినా ఆమె నోట అదే మాట. మనసుకి తెలిసేలోపే నాలుక కదిలిపోయింది.

"మంచిదమ్మా. వెళ్ళి రా."

అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

గొంతమ్మ గొంతు పోయింది. మాట కాదు, గుసగుస కూడా లేదు. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి అంతా బాగానే ఉందన్నాడు, ఎందుకు రావడం లేదో తనకే అర్థం కావడం లేదన్నాడు. పోతే పోయింది, పిల్ల దక్కింది అనుకుంది గొంతమ్మ. బొంతలు ఊడదీసి, అల్మరాలో బట్టలు కిక్కిరిసేలా కుక్కింది. అత్తగారు ఏం విన్నదో, ఏం అన్నదో కోడలికి చెప్పలేదు. ఆమె ఒక మాట దాచుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

నాలుగో రోజు సాయంత్రం, దీపాలు పెట్టకముందే, మొగుడొచ్చాడు. పిచ్చుక అమ్మ ఒళ్ళో కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. అత్తగారు తలుపు తీసి, గుమ్మం పక్కన కుర్చీలో మళ్ళీ కూలబడింది. అతను వగరుస్తూ లోపలికొచ్చి సంచి దించి, ఒళ్ళో పిల్లతో కూర్చున్న భార్యని చూసి ఆగిపోయాడు.

"అదేంటి, నువ్వు ఇక్కడే ఉన్నావా?"

గొంతమ్మ తలూపింది.

"మాట పడిపోయిందని అమ్మ ఫోన్లో ఏడుస్తుంటే ఎంత కంగారు పడ్డానో! మరి ఇప్పుడు మెట్ల మీద నా వెనక..." వెనక్కి తిరిగి చూశాడు. "కింద నుంచీ నీ గొంతు వినిపిస్తూనే ఉంది కదా. ఆగండి, వస్తున్నా, వస్తున్నా అని. మాట వచ్చేసింది, నువ్వు ఏదో కొనడానికి దిగావనుకున్నా. అందుకే తలుపు తీసే ఉంచాను."

గొంతమ్మ నోరు తెరిచింది. తలుపు వెయ్యండి అనాలి. ఒక్క మాట చాలు. పెదాలు కదిలాయి... కదిలాయి... ఏమీ రాలేదు.

అత్తగారు కుర్చీలోంచి లేవలేకపోతోంది.

మెట్ల మీద చప్పుడు ఆగింది. పిచ్చుక బొమ్మని వదిలేసింది. తల్లి చేతులు రెండూ తన చుట్టూ బిగుసుకుంటున్నా, మెడ నెమ్మదిగా గుమ్మం వైపు తిప్పి, చెవి రిక్కించి, మొహమంతా వెలిగిపోతుండగా...

"అమ్మా!" అంది.