ఎర్రబోడులో ఆఖరి గడువు

బాలకృష్ణను చంపినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. కరోనా కాలంలో హత్య చేస్తే శవాన్ని ఎవరూ ముట్టుకోరు.

నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పొద్దున అతని ఊపిరి ఆగింది. ఎండ ముదిరేలోపు నీలం సంచిలో చుట్టి, జిప్ లాగి, ఊరి బయట గుంటలోకి దించేశారు. పోస్ట్‌మార్టం లేదు. భార్య శ్యామలమ్మను గేటు దగ్గరే ఆపేశారు.

"మొఖమన్నా సూపియ్యున్రి సారూ" అని ఆమె మొత్తుకుంటుంటే, తెల్ల సూట్‌లో ఉన్న మనిషి దూరం జరగమని చేత్తో సైగ చేశాడు. పశువును అదిలించినట్టు.

రోడ్డుకు ఆవల పాత మోటార్‌సైకిల్ మీద కూర్చుని అమరేందర్ ఇదంతా చూశాడు. సొంతూరు మోత్కూర్‌లో అతన్ని విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ అనుకుంటారు. ఢిల్లీలో అతనిది సెక్షన్ నైన్. దేశపు వ్యాపార రహస్యాల మీద కన్నేసిన విదేశీ ముఠాల పని పట్టే విభాగం. చనిపోయిన బాలకృష్ణ సైంటిస్టు. అమరేందర్‌కు ఏడాదిగా సమాచారం ఇస్తున్న మనిషి. అతని దగ్గర్నుంచి వచ్చిన ఆఖరి మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది.

"అరచేతులు తిమ్మిరెక్కుతున్నయి అన్నా. గిది కరోనా కాదనిపిస్తాంది."

కరోనా గొంతులో మొదలవుతుంది. అరచేతుల్లో కాదు. అమరేందర్ పళ్లు నూరుకుంటూ బండి స్టార్ట్ చేశాడు.

సాయంత్రం బాస్ రఘుపతి ఎన్‌క్రిప్టెడ్ లైన్‌లోకి వచ్చాడు. ఆయన బ్రీఫింగ్‌లో పరామర్శలు ఉండవు.

"తూర్పు వాణిజ్య కూటమి సంగతి తెలుసుగా?"

"మన దేశం బయటికి రావాలనుకుంటోంది."

"గడువు రేపు మధ్యాహ్నం. ఆలోగా ఢిల్లీ ఖరారు చేయకపోతే ఇంకో పదేళ్లు లోపలే మగ్గాలి. కూటమిలో చేరాక విదేశీ ముడిమందులు సుంకం లేకుండా వచ్చిపడ్డాయి. మన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు ఆ ముడిమందుల వ్యాపారమంతా ఒక సిండికేట్ గుప్పిట్లో ఉంది. మహమ్మారి వాళ్లకు వరంలా దొరికింది. ఇలాంటప్పుడు కూటమి వదిలితే మందుల్లేక చస్తారని బెదిరిస్తున్నారు. సగంమంది మంత్రులు భయపడి, వాయిదా వేద్దామంటున్నారు."

"మిగతా సగం?"

"ఎర్రబోడు వైపు చూస్తున్నారు."

ఎర్రబోడు దేవరకొండకు అవతల గుట్టల మధ్య ఊరు. అక్కడి ఫ్యాక్టరీలో, ప్రాణాలు నిలబెట్టే ఒక యాంటీబయాటిక్‌కు కావలసిన ముడిమందును బాలకృష్ణ స్వదేశీ పద్ధతిలో తయారుచేశాడు. మొదటి పెద్ద బ్యాచ్ రేపు దిగుతుంది. ఢిల్లీ కమిటీ దాన్ని వీడియోలో లైవ్ చూస్తుంది. బ్యాచ్ నెగ్గితే దేశం కూటమి నుంచి బయటపడుతుంది. తప్పితే వాయిదా.

"సిండికేట్ మనిషి ఎవరు?"

"డీటర్. సైకిల్ మీద ప్రపంచం చుట్టే టూరిస్టు వేషం. లాక్‌డౌన్‌లో దేవరకొండలో చిక్కుకుపోయానని అందర్నీ నమ్మించాడు. ఫ్యాక్టరీ లోపల మనకూ ఒక మనిషి ఉంది. వర్షిత, ఎగుమతుల డైరెక్టర్. సిండికేట్ ఆమె తమ మనిషే అనుకుంటోంది. పనిచేసేది మనకు. బత్తాయి రసంలో ఉప్పేస్తారా అని అడుగు. కారం కూడా వేస్తాం అంటుంది."

"ఈ కోడ్‌లు ఎవరు రాస్తారు సార్?"

"నేనే. ఏం?"

"ఏం లేదు సార్. మారువేషం?"

"ఈ సంవత్సరం మారువేషాలు ప్రభుత్వమే పంచుతోంది. పీపీఈ కిట్ వేసుకుని వెళ్లు."

మర్నాడు ఎర్రబోడు పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా ముండ్ల కంప. దాని వెనక పదిమంది కర్రలతో నిలబడ్డారు. అందరికంటే ముందు అరవయ్యేళ్ల ఈదమ్మ, ఊరి సర్పంచ్. ముక్కుకు కొంగు కట్టుకుంది. కళ్లల్లో దయ అన్నది లేదు.

"ఎవలు నువ్వు?"

"హెల్త్ డిపార్ట్‌మెంట్ అవ్వా. ఫ్యాక్టరీల టెస్టులు జెయ్యాలె."

"అవ్వా గివ్వా అనకు. గా ఫ్యాక్టరీకి పోయేటోడు ఎవడూ నాకు సుట్టం గాదు. మా బాయిలల్ల నీళ్లు పసుపుపచ్చగైనయి. సూడి బర్రెలు ఈసుకపోతున్నయి. ట్యాంకర్ నీళ్లు దెచ్చుకొని బతుకుతున్నం. అప్పుడు ఒక్క డిపార్ట్‌మెంటోడు రాలే."

"నేను తొందరగ పోయొస్త."

"పోవుడే. మల్ల మా ఊళ్లె అడుగు వెట్టినవంటె కాళ్లిరుగుతయి." ఆమె కర్రతో కంపను పక్కకు జరిపింది. సరిగ్గా ఒక్క మనిషి పట్టేంత.

అమరేందర్ దాటుతుండగానే ఆమె ఫోన్ తీసి ఊరి ఆశా వర్కర్ పుష్పమ్మకు కలపడం అతని చెవిన పడింది. తన అబద్ధం ఎంతోసేపు నిలవదు, కానీ ఆగే సమయం లేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వర్షిత ఎదురొచ్చింది. లేత ఊదారంగు చీర, దానికి సరిపోయే మాస్కు, చేతిలో థర్మామీటర్ గన్. ఆ ఎండలో కూడా ఆమె మీద చెమట చుక్క లేదు. మాస్కు వెనక నవ్వుతోందని కళ్లు చెబుతున్నాయి.

"ఇక్కడ బత్తాయి రసంలో ఉప్పేస్తారా మేడమ్?" అన్నాడు అమరేందర్.

"కారం కూడా వేస్తాం." ఆమె గొంతు తగ్గించింది. "థ్యాంక్ గాడ్ వచ్చారు. డీటర్ ఎదురుగుట్ట మీదే ఉన్నాడు. ఈరోజే ఏదో చేస్తాడు. ముందు చేతులు ఇటివ్వండి, ప్రోటోకాల్."

టేబుల్ మీది సీసా నొక్కి అతని అరచేతుల్లో శానిటైజర్ పోసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంకో చిన్న సీసా తీసి తన చేతులు రుద్దుకుంది.

అమరేందర్ ఏమీ గమనించనట్టే లోపలికి నడిచాడు. మలుపు తిరగ్గానే ఆగాడు. అతను వేసుకున్నది రెండు జతల గ్లవ్స్. మనిషి చర్మం రంగులో ఉన్న పై జత, ముట్టుకుంటే తెలియనంత పల్చటిది, అప్పటికే జిగురుగా కరుగుతోంది. వాటిని జాగ్రత్తగా ఊడదీసి ప్లాస్టిక్ సంచిలో మూసేశాడు. బాలకృష్ణకు గ్లవ్స్ లేవు. పనిలోకి వచ్చిన ప్రతిసారీ ఆ నవ్వుకు చేతులు చాపి ఉంటాడు.

ఫోన్ తీశాడు. "సార్, వర్షిత మన మనిషి కాదు. బాలకృష్ణను చంపింది ఆమే."

"నాన్సెన్స్. ఆర్నెల్లుగా నేనే..." రఘుపతి మాట మధ్యలో సిగ్నల్ పోయింది. ఎవరో ఫోన్లను అడ్డుకునే జామర్ ఆన్ చేశారు.

ఇక మిగిలింది జేబులోని ఆక్సీమీటర్. వేలికి తగిలిస్తే నాడి చూపిస్తుంది. గోడకు తగిలిస్తే దొంగ రిసీవర్ ఎక్కడుందో చూపిస్తుంది. దాన్ని పట్టుకుని అతను ప్లాంట్‌లోకి దూరాడు. మధ్య హాల్లో ఎండీ నరేశ్, కేబుల్ లైన్ మీద నడుస్తున్న కెమెరా ముందు నిలబడి ఢిల్లీ కమిటీకి స్వాగతం చెబుతున్నాడు. అతని వెనక మూడంతస్తుల ఎత్తున స్టీల్ రియాక్టర్. లోపల బాలకృష్ణ ముడిమందు మరుగుతోంది. చుట్టూ ఉన్న జాకెట్‌లో చల్లటి నీళ్లు తిరుగుతున్నంతసేపే అది మందు. నీళ్లు ఆగితే బాంబు.

ఇనుప మెట్లెక్కి పై ప్లాట్‌ఫారం మీదికి చేరాడు. కూలింగ్ వాల్వ్ దగ్గరికి రాగానే ఆక్సీమీటర్ గిలగిలలాడింది. వాల్వ్ కింద అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. అమరేందర్ చెయ్యి చాపాడు.

"టెంపరేచర్ చూడనా, అమరేందర్ గారూ?"

అతను తన పేరు ఎవరికీ చెప్పలేదు. వెనక్కి తిరిగేసరికి వర్షిత థర్మామీటర్ గన్ ఎత్తి ఉంది. గురి అతని నుదుటికి కాదు, భుజం పక్కన ఉన్న డబ్బాకు.

క్లిక్.

వాల్వ్ టక్కున మూసుకుంది. పైపులో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"బాలకృష్ణ నిన్ను నమ్మిండు" అన్నాడు అమరేందర్. కోపంలో సొంతూరి మాట బయటపడింది.

"అందరూ నమ్ముతారు. అదే నా క్వాలిఫికేషన్." ఆమె రెండో చేత్తో స్ప్రే బాటిల్ ఎత్తి అతని ముఖం మీదికి కొట్టింది. ఫేస్ షీల్డ్ మీద మందు చారలు కట్టి జారింది. అతను తల వంచి ముందుకు దూకాడు. ఇద్దరూ రెయిలింగ్‌కు గుద్దుకున్నారు. ఆమె మోచెయ్యి పక్కటెముకల్లో దిగింది. ఊపిరాడలేదు. అయినా మణికట్టు వదల్లేదు. గన్ జారి కిందపడి ముక్కలైంది. ప్లాస్టిక్ టైతో ఆమె చేతులు రెయిలింగ్‌కు బిగించి కట్టేశాడు.

"మాన్యువల్ వాల్వ్ ఏది?"

"అదిగో, ఎదురుగా. తిప్పే చక్రమే లేదు. నిన్ననే ఊడదీయించి వ్యర్థాల గుంటలో పారేయించాను." ఆమె నవ్వబోయింది. గేజ్ వైపు చూసి ఆ నవ్వు మానుకుంది. ముల్లు పసుపు దాటి ఎరుపు వైపు పాకుతోంది. "నన్ను విప్పండి. బయట కారు ఉంది. ఇద్దరం పోవచ్చు."

అప్పుడే గేటు వైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీలోంచి చూస్తే, గేటును గుద్దుకుని ఒక ట్రాక్టర్ లోపలికి వచ్చేసింది. దాని వెనక నీళ్ల ట్యాంకర్. దాని వెనక ఊరు ఊరంతా. ముందు ఈదమ్మ, చేతిలో కర్ర. వర్షిత కారు ట్రాక్టర్ వెనక ఇరుక్కుపోయింది.

అమరేందర్ మెట్ల మీద నుంచి దూకినంత పని చేసి బయటపడ్డాడు.

"ఏడీ గా దొంగ డాక్టర్?" అని అరుస్తోంది ఈదమ్మ. "పుష్పమ్మను అడిగిన. హెల్తోళ్లు ఎవ్వల్ని తోలలేదంట. రోగం అంటవెడ్దామని వచ్చినవారా?"

నాలుగు చేతులు అతని సూట్ పట్టుకున్నాయి. ఒక దెబ్బ వీపున పడింది.

"కొట్టున్రి, తర్వాత కొట్టున్రి. ముందు గా ట్యాంకర్ నీళ్లు పొయ్యాలె! గా రియాక్టర్ పేలుతది!"

"పేలనియ్యి. మా బాయిలల్ల ఇసం కలిపినోళ్లకు మా తాగే నీళ్లు బొయ్యాల్నా?"

"అవ్వా, గాలి యాడికి కొడుతున్నది చూడు."

ఈదమ్మ కొంగు ఊరి దిక్కుగా ఎగురుతోంది. పొలిమేర అవతల ఇళ్లు, ఇళ్లల్లో బయటికి రావద్దని తలుపులేసి ఉంచిన పిల్లలు. ఆమె అటు చూసింది. అమరేందర్ ముఖం మీద ఉమ్మినంత పని చేసి వెనక్కి తిరిగింది.

"గాలయ్యా, ట్యాంకర్ గా గోడకు ఆనియ్యి! పైపు దింపు! తిట్టుడు తర్వాత!"

ట్రాక్టర్ నడిపే గాలయ్య గోడను రాసుకుంటూ వెనక్కి పోనిచ్చాడు. అమరేందర్ గోడ పక్కన, వాల్వ్‌తో పనిలేకుండా రియాక్టర్ జాకెట్‌లోకి వెళ్లే గొట్టాన్ని బిగింపు విప్పి లాగేశాడు. ట్యాంకర్ పైపు దానికంటే సన్నం. ఈదమ్మ తన కొంగు చింపి సందుల్లో కుక్కి రెండు చేతులా అదిమిపట్టింది. గాలయ్య పంపు ఆన్ చేశాడు. లోపల ప్లాట్‌ఫారం మీద వర్షిత గొంతు చించుకుంటోంది. "తొందరగా పోయండి! ప్లీజ్!" ఆమె మాట నమ్మదగ్గది ఆ ఒక్కసారే.

ముల్లు ఎరుపులోకి దిగింది. స్టీల్ గోడ ఉడుకుతున్న కుండలా అదిరింది. రివెట్ ఒకటి తూటాలా ఎగిరి రేకుకు కన్నం పెట్టింది. నీళ్లు జాకెట్‌లోకి దూకి, పొగలు కక్కుతూ మురుగుకాలువలో పడ్డాయి. ముల్లు వణికింది. ఎరుపు అంచున అలాగే నిలబడింది. తర్వాత, మనసు మార్చుకున్నట్టు, మెల్లగా వెనక్కి వచ్చింది.

హాల్లో కెమెరా ఆన్‌లోనే ఉంది. ఢిల్లీ కమిటీ చైర్మన్ స్క్రీన్ మీదికి వంగి అడిగాడు. "నరేశ్ గారూ, ఆ గోల ఏమిటి?"

నరేశ్ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "స్థానిక ప్రజల సహకారం సార్."

బ్యాచ్ నెగ్గింది. గడువుకు ముందే ఢిల్లీ కూటమికి కబురు పంపింది. భారతదేశం బయటికి వెళ్తోంది.

కానీ కెమెరా ఆపేలోపు ఈదమ్మ హాల్లోకి వచ్చింది. చేతిలో చెంబు. నరేశ్ ముందు పెట్టింది.

"మా నీళ్లు నీ మెషీన్ తాగింది. గివి మా బాయి నీళ్లు. నువ్వు తాగు."

చెంబులో పసుపుపచ్చటి నీళ్లు కదిలాయి. నరేశ్ తాగలేదు. చైర్మన్ అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఫ్యాక్టరీ వ్యర్థాల మీద విచారణకు ఆదేశం ఆ సాయంత్రమే వచ్చింది. ఈదమ్మ దానికి సంతోషించలేదు. "కాగితం కాదు, నీళ్లు రావాలె" అంది.

డీటర్ గుట్ట దిగి సైకిల్ మీద పారిపోతూ ముండ్ల కంపలో పడ్డాడు. టూరిస్టునని ఇంగ్లీషులో మొత్తుకున్నాడు. ఊరివాళ్లు అతన్ని విడిపించలేదు, ముట్టుకోలేదు కూడా. పోలీసులు వచ్చేదాకా ఆరడుగుల దూరంలో నిలబడి కాపలా కాశారు. వర్షితను తీసుకెళ్లేటప్పుడు ఆమె అమరేందర్ వైపు చూడలేదు. అమరేందర్ ఆమెను జీపు ఎక్కేదాకా చూశాడు. కరిగిన గ్లవ్స్ ఉన్న సంచిని పోలీసు చేతికి ఇచ్చి, బాలకృష్ణ భార్యకు ఫోన్ చేశాడు. భర్త రోగంతో పోలేదని చెప్పాడు. శ్యామలమ్మ చాలాసేపు ఏడ్చింది. చివరికి "సంపినోళ్లు దొరికిండ్రా?" అని మాత్రం అడిగింది. దొరికారని చెప్పాడు.

మరుసటి రోజు రఘుపతి ఫోన్ చేశాడు. తను మోసపోయిన సంగతి ఎత్తలేదు.

"గుడ్ జాబ్. ఎప్పుడు బయల్దేరుతున్నావ్?"

అమరేందర్ కిటికీలోంచి చూశాడు. అతన్ని ఉంచింది ఎర్రబోడు బడిలో. వాకిట్లో ఈదమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది, కర్ర ఒళ్లో ఉంది. ఫ్యాక్టరీలో వందమందిని తాకి వచ్చినవాడు పద్నాలుగు రోజులు కదలకూడదని ఆమె తీర్మానం.

"సర్పంచ్ ఒప్పుకోవట్లేదు సార్."

"ఢిల్లీ నుంచి ఎవరితోనైనా చెప్పించనా?"

"వద్దు సార్" అన్నాడు అమరేందర్ గొంతు తగ్గించి. "వచ్చి చెప్తే, ఢిల్లీని కూడా పద్నాలుగు రోజులు ఇక్కడే ఉంచుతది."